సబ్బు మీద పంటి గాట్లు

మోటుకిరి దీవిలో రిపెకా చెయ్యి దూరని బొరియ లేదు. ఆరేళ్లప్పుడు తల్లి ఆమెను తడి నేల మీద బోర్లా పడుకోబెట్టి, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చమంది. వెచ్చగా, మెత్తగా ఏదో తగిలి వేలు కొరికింది. రిపెకా ఏడవలేదు. మెడ పట్టుకుని బయటికి లాగింది. కొవ్వు పట్టి బొద్దుగా ఉన్న, టీటీ అనే సముద్రపు పిట్ట పిల్ల అది. ఆనాటి నుంచి యాభై ఏళ్లుగా ప్రతి ఏప్రిల్‌లోనూ ఆమె ఆ దీవికి వస్తూనే ఉంది. పెళ్లయిన ఏడూ వచ్చింది, మొగుడు పోయిన ఏడూ వచ్చింది. పిట్ట పిల్లల్ని పట్టడం, ఈకలు పీకడం, ఉప్పు పెట్టడం, కొవ్వులో ఉడికించి సముద్రపు నాచుతో చేసిన సంచుల్లో కుక్కడం. అదే ఏడాది పొడుగునా ఇంటికి తిండి. ఊళ్లూ అడవులూ కాయితాల మీద రాయించుకుపోయిన దొరలు, దేశపు దక్షిణపు అంచున గాలి కొట్టే ఈ రాళ్లను మాత్రం వద్దని వదిలేశారు. అందుకే మిగిలాయి.

ఈసారి దిగిన ఐదో రోజు పొద్దున, గుడిసె వెనక బట్టలుతికే రాయి దగ్గర ఆమె ఆగిపోయింది. పసుపు సబ్బు ఒక మూల అరిగి ఉంది. పిట్ట పొడిస్తే గుంట పడుతుంది. ఇవి గుంటలు కావు, పక్కపక్కనే రెండేసి సన్నని గాట్లు. బొటనవేలితో తడిమి చూసింది. 

ఎలక.

తాతవాళ్లు పిట్టలు పట్టిన పక్క దీవి గుర్తొచ్చింది. ఒక చలికాలం ఏదో ఓడ అక్కడ రాతికి తాడు కట్టుకుని తుఫాను గడిపింది. తాడు మీదుగా ఎలకలు దిగాయి. మూడేళ్ల తర్వాత తల్లి పదేళ్ల రిపెకాను వెంటబెట్టుకుని ఆ దీవికి వెళ్లింది. చెట్లున్నాయి, బొరియలున్నాయి. పిట్ట కూత మాత్రం లేదు. ఎండాకుల మీద తమ అడుగుల చప్పుడు తమకే వినబడింది. తల్లి భుజం మీద మూట కిందికి దించనే లేదు. "ఇక్కడ కూర్చోకు. పద" అని పడవ తిప్పించేసింది.

అందుకే రేవులో ఒక కట్టడి పెట్టుకున్నారు. దీవికి వెళ్లే ప్రతి బస్తానూ తెల్ల దుప్పటి మీద కుమ్మరించి చూస్తారు. పదకొండేళ్లుగా ఆ చూసేది రిపెకానే. మూడేళ్ల కిందట మరిది హోరొమోనా బియ్యపు బస్తాలో ఒక్క ఎలక పెంటిక కనబడితే, పెళ్లాం బిడ్డలతో సహా అతన్ని రేవు నుంచే వెనక్కి పంపేసింది. "ముందు ఇంట్లో పిల్లిని పెంచు మరిదీ, తర్వాత దీవికొద్దువు గాని" అంది అందరి ముందూ. జనం నవ్వారు.

ఈ ఏడు రేవులో కుండపోత వాన. పడవవాడు గోల పెడుతున్నాడు. అందరి మూటలూ విప్పి చూసిన రిపెకా, పాకలో ఏడాదిగా చుట్టి పెట్టిన తన పరుపును మాత్రం విప్పకుండానే పడవలోకి విసిరేసింది. చూసేదాని మూట చూసేదెవరు?

గాటు కనబడగానే అందరినీ పిలవాలి, పట్టడం ఆపేయాలి. అదీ కట్టడే. రిపెకా సబ్బును కొంగులాగా ఒంటికి చుట్టుకున్న శాలువాలో దాచేసింది. ఒక్క ఎలకే కదా, ఎవరికీ తెలియకుండా తనే పట్టేయొచ్చు అనుకుంది. బాల్దీలో నీళ్లు పోసి, అంచున కొవ్వు రాసి, పొదల్లో పెట్టింది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. బాల్దీలో ఆకులు తప్ప ఏమీ పడలేదు.

ఈలోగా ఆమె చెయ్యి మొరాయించింది. ప్రతి బొరియ ముందూ ఒక్క క్షణం ఆగుతోంది. లోపల తగిలేది పిట్టేనా?

"అత్తయ్యా, మొన్న ఎనభై పట్టారు, ఇవాళ పన్నెండేనా?" అంది కోడలు మీరియా, ఈకలు పీకుతూ. "నడుం పట్టిందా?"

"నడుం కాదమ్మాయ్, వయసు పట్టింది" అన్నాడు హోరొమోనా. "వదినా, వచ్చే ఏడు ఇంట్లోనే ఉండు. పిల్లిని పెంచుకుందువు గాని."

అందరూ నవ్వారు. రిపెకా కూడా నవ్వాలని చూసింది. పెదవులు కదల్లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక బొరియలో ఆమె వేళ్లకు చల్లగా తగిలింది. లాగి చూస్తే పిల్ల మెడ వెనక భాగమంతా కొరికేసి ఉంది. దాన్ని ఆకుల కింద కప్పేసి లేవబోయింది. అంతలో బూడిదరంగు చిన్న పిట్ట ఒకటి గెంతుకుంటూ వచ్చి, ఆమె తవ్విన మట్టిలో పురుగులు ఏరుకుంది. తర్వాత ఆమె బూటు మీదికెక్కి, తల పక్కకు వంచి ఆమెనే చూసింది. ఆ దీవిలో పిట్టలకు భయపడటం తెలీదు. నేర్పినవాళ్లు లేరు. రాత్రికి ఇది ఏ కొమ్మ మీద నిద్రపోతుందో, దాని దగ్గరికి ఏది ఎక్కి వస్తుందో తలచుకునేసరికి రిపెకాకు ఒళ్లంతా చెమట పట్టింది.

ఆకుల కింది పిల్లను తీసుకుని నేరుగా హోరొమోనా గుడిసెకు వెళ్లింది.

"ఎలక దిగింది మరిదీ. నా పరుపులోంచి."

"నువ్వా? ఎలకా?" అతను పెద్దగా నవ్వాడు. "వదినా, పట్టపగలే ఏమన్నా పుచ్చుకున్నావా?"

ఆమె పిల్లను బల్ల మీద పెట్టి, పక్కన సబ్బు పెట్టింది. ఎన్నాళ్ల నుంచో కడుపులో దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు మొహాన కొడతాడని తల వంచుకుని నిలబడింది.  సగం పీకిన పిట్ట అతని చేతిలోంచి జారింది. మొహం పాలిపోయింది.

"ఎప్పుడు చూశావ్?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులా... వదినా!"

అతను తిడితే బావుండేది. అతనూ భయపడ్డాడు. 

ఆ సాయంత్రమే వైర్‌లెస్‌లో అన్ని దీవులకూ కబురు వెళ్లింది. పట్టడం ఆగిపోయింది. పడవ మీద బోనులు వచ్చాయి. అందరూ ఒక వరసగా అడవిని జల్లెడ పట్టారు. ఇరవై మూడో రోజున బోను పడింది. హోరొమోనా చచ్చిన ఎలకను తిరగేసి, పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీశాడు.

"ఆడది" అన్నాడు. చనుమొనలు నొక్కి చూసి, "పిల్లల్ని కంది. పాలు కూడా ఇగిరిపోయాయి" అన్నాడు.

"అయితే పిల్లలు చచ్చుంటాయిగా?" అంది మీరియా ఆశగా.

"పాలు తాగే పిల్లలైతే చచ్చేవి. ఇవి సొంతంగా తింటున్నాయి."

రిపెకా నాలుగు వేళ్లు మడిచి చూసుకుంది. "ఆ నాలుగు రోజుల్లో దొరికి ఉంటే తల్లితోనే పోయేవి" అంది. 

నెలాఖరుకు అందరూ ఖాళీ సంచులతో పడవెక్కారు. ఎవరూ ఉండమనకపోయినా రిపెకా ఎక్కలేదు. ఒంటి ఆడమనిషిని వదిలిపెట్టలేక హోరొమోనా ఉండిపోయాడు, తిట్టుకుంటూనే. మిగిలిన టీటీ పిల్లలు రెక్కలొచ్చి సముద్రం మీదికి వెళ్లిపోయాయి. మళ్లీ సెప్టెంబరులో వాటి తల్లులు లోకం అవతలి చివర నుంచి ఇక్కడికే వస్తాయి. ఇక్కడ ఏం కాచుకుని ఉందో వాటికి తెలియదు.

రోజూ పొద్దున్నే ఇద్దరూ చెరో పక్కా బోనులు చూస్తారు. గాలి హోరులో అతను అటు నుంచి "ఖాళీ!" అని అరుస్తాడు. ఈమె ఇటు నుంచి "ఖాళీ!" అంటుంది. మొదట్లో ఆ మాట వింటే ప్రాణం లేచి వచ్చేది. జూన్ వచ్చేసరికి అదే మాట వింటే అనుమానం వచ్చేది. ఎలకలు లేక ఖాళీయా, బోనంటే ఏమిటో వాటికి తెలిసిపోయి ఖాళీయా?

ఒకరోజు అటు నుంచి అరుపు రాలేదు. రిపెకా ముళ్లకు చీరుకుంటూ పరుగెత్తింది. హోరొమోనా మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని అరచేతిలో సగం ఎదిగిన ఎలక, ఇంకా వెచ్చగా.

"ఒకటి" అన్నాడు.

"ఎన్నింటిలో ఒకటి?"

అతను బోనులో కొత్త కొవ్వుముక్క గుచ్చి, స్ప్రింగు బిగించాడు. ఇద్దరూ లేచి తర్వాతి బోను వైపు నడిచారు.