అడ్డం పెట్టిన చెయ్యి

పత్తి తీతకెళ్లే మిరియమ్మకి శుక్రవారం మధ్యాహ్నం దాటితే కాలు ఒకచోట నిలవదు. పొద్దు వాలకముందే స్నానం చేసి, తలమీద కొంగు కప్పుకుని, రెండు కొవ్వొత్తులు వెలిగించాలి. వాళ్ల నాయనమ్మ శనివారం పొయ్యి రాజేసేది కాదు, ఎందుకో ఆవిడకీ తెలియదు. తొంభై ఎనిమిదిలో తిరువూరొచ్చి నెల్లాళ్లున్న యూదుల గురువు, రబ్బీ గారు, అది శుక్రవారం పొద్దువాలగానే మొదలయ్యే విశ్రాంతి దినమనీ, మీరూ మావాళ్లేననీ విడమరిచి చెప్పారు. మొదటి శుక్రవారం ఆయన కొవ్వొత్తులు వెలిగిస్తుంటే మామిడితోటల మీంచి ఈదురుగాలి కొట్టింది. ఎడమచెయ్యి అడ్డం పెట్టారు. పదేళ్లవుతోంది. తలుపులన్నీ మూసిన గదిలో కూడా మిరియమ్మ అలాగే ఎడమచెయ్యి అడ్డం పెట్టి వెలిగిస్తుంది.

బొంబాయిలో యూదుల ధర్మశాస్త్రం చదువుకొచ్చిన మేనల్లుడు దానియేలు మొన్న శుక్రవారం అది చూసి నవ్వాడు. “చెయ్యి పెట్టాలని శాస్త్రంలో ఎక్కడా లేదత్తా. ఆయనేదో ఆ పూట గాలికి పెట్టుంటారు.”

మిరియమ్మ చెయ్యి తియ్యలేదు. పత్తికాయలు గీరిన ఆ అరచెయ్యి మంట వెలుగులో ఎర్రగా కనిపిస్తోంది.

“గాలికేనని నాకూ తెలుసు నాయనా,” అంది నెమ్మదిగా. “మా నాయనమ్మ నాటినుంచీ మన దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టింది ఆయనొక్కడే.”