నికెల్ నీళ్ళ కింద అయస్కాంతం

తప్పు నాదే. జయకుమారి అక్క టీకి వెళ్ళినప్పుడు, ఆవిడ గాజు తొట్టి కిందున్న అయస్కాంతాన్ని లాగేసి పక్కనే ఉన్న నా ఫ్యాన్ల రిపేరు కొట్లో దాచాను. వెతుక్కుంటుంటే నవ్వుదామని.

అక్క సత్తెనపల్లిలో ఇత్తడి సామానుకి నికెల్ పూత వేస్తుంది. ఆకుపచ్చ ద్రావణంలో వస్తువుని వేలాడదీసి కరెంటు పెడితే, నీళ్ళలో కరిగిన నికెల్ వచ్చి దానికి పడుతుంది. దాంతోపాటు సన్నటి బుడగలూ అంటుకుంటాయి. అవి కదలకపోతే పూతలో గుంటలు మిగులుతాయి. ఇదివరకు గాజు కడ్డీతో కలుపుతూ కూర్చునేది. ఒకరోజు తొట్టి కాస్త ఎత్తులో ఉంటుందని పాత స్పీకరు అయస్కాంతం మీద పెట్టింది. కరెంటు పెట్టగానే నీళ్ళు వాటంతటవే తిరిగాయి.

ఆ తిరగడం చూడాలి. బయట మిరపకాయల టిక్కీ బస్తాలతో ట్రాక్టరు పోతుంటే వీధి వీధంతా తుమ్ముతుంది. లోపల మాత్రం ఎండ తొట్టిలోంచి గోడ మీద పడి పచ్చగా అల్లాడుతుంటుంది. బుడగలు నిద్రలో నడుస్తున్నట్టు వస్తువు చుట్టూ తిరిగి, ఎప్పటికో పైకి చేరతాయి. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోతుంది. "కరెంటూ అయస్కాంతం కలిసి నీళ్ళని నెడతన్నాయిరా" అని ఆవిడే కనిపెట్టింది. అదే మాట నేను ఫోన్లో చదివి చెప్పబోతే, "ఇప్పుడా తెలిసింది నీ ఫోనుకి?" అంది.

ఆ రోజు తొట్టిలో ఉన్నవి హుస్సేన్ సాహెబ్ క్లారినెట్ మీటలు. సాయంత్రం బస్సుకి ఆయన పర్చూరు పెళ్ళికి వాయించడానికి వెళ్ళాలి. మీటలు లేకపోతే క్లారినెట్ ఉత్త కర్ర. అక్క వచ్చి చూసేసరికి వాటి నిండా గుంటలే.

"ఏరా, నువ్వేనా?"

"నేనే అక్కా. ఏ వైపు పైకుందో కూడా మర్చిపోయా."

"ఎటు పెట్టినా తిరుగుద్ది. అటు కాకపోతే ఇటు. ముందు పెట్టి చావు."

మీటలన్నీ నాచేతే అరగదీయించి మళ్ళీ ముంచింది. ఈసారి బుడగలు ఎదురు దిక్కుకి తిరిగాయి. హుస్సేన్ సాహెబ్ వచ్చి, తొట్టి ముందు కూర్చుని, బస్సు సంగతే మర్చిపోయాడు.

"ఎటు పోతన్నాయమ్మా ఇవి?"

"మీ పెళ్ళివారింటికేనండి. లేవండి, టైమైంది."

మెరుస్తున్న మీటలు ఆయన అక్కడే బిగించుకుని, ఒక్క స్వరం ఊది పరుగెత్తాడు. బస్సెక్కానని ఫోన్ చేశాకే నాకు ఊపిరాడింది.

"కోపం పోయినట్టేనా అక్కా?"

"నీళ్ళు ఎటు తిరగాలో దీంతో చెప్పగలిగా. నీ చేతులు ఊరుకోవాలంటే ఎంత అయస్కాంతం కావాలో మాత్రం తెలియట్లా."