ఆవులకు వేసిన మేకల సూది

ఈరోజు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే సూది కోసం మా ఆడపడుచును ఆసుపత్రికి తీసుకెళ్లాం. "ఆ వైరస్‌లో చాలా రకాలున్నాయి, సూది కొన్నిటికే. కానీ సూదితో ఒకదాన్ని ఎరిగిన మన ఒంటి రక్షణ కణాలు దాని చుట్టాలనూ కొంత గుర్తుపడతాయి" అంది నర్సమ్మ.

"కొన్నిటికే అయితే పిల్లకు నొప్పెందుకు? పదండి" అని మా అత్త లేచింది.

నాకు నలుగురిలో మాట రాదు. అయినా అనేశాను. "అత్తా, మన ఆవులకు గడ్డల రోగం రాకుండా, దాని చుట్టమైన మేకల బొబ్బల రోగం సూదే గదా ఏసినారు. మంచిగుండాయి గదా."

"ఇన్నాళ్లూ ఈ నోరు యాడ దాచినావే?" అని అత్త నవ్వి, పిల్ల చేయి పట్టుకుని కూర్చుంది. తర్వాత నర్సమ్మను అడిగింది. "మా కోడలు గూడా పిల్లే గదమ్మా, దీనికీ ఏస్తారా?"

సూది పిల్లకు వేస్తే కళ్లలో నీళ్లు నాకు వచ్చాయి. మీ అత్తలూ ఇంతేనా?