రొయ్యపిల్లల తొలి తేదీ

మొన్న నందిగామలో మా తమ్ముడి మనవరాలికి తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి కాగితం గురువారం అంది, నేను బుధవారం అన్నాను.

"మామ్మగారూ, ఫోన్లో కూడా గురువారమేనండి" అని మనవరాలి భర్త నవ్వాడు.

"మీ ఫోనుకి అర్ధరాత్రే తెల్లారుద్దేమో నాయనా, నాకు సూర్యుడు రావాలి" అన్నాను.

మన ఈడు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాని ఈ లెక్క వల్లే ఒకప్పుడు నా పరిశోధన మొత్తం నీళ్లపాలు కాబోయింది.

అప్పుడు నేను ఉత్తర నార్వేలో, సముద్రం కొండల మధ్యకు సన్నగా చొచ్చుకొచ్చిన ఒక చలి పాయ ఒడ్డున, రొయ్యపిల్లల మీద పనిచేస్తున్నాను. రొయ్యలు చూడ్డానికి అంత దూరం దేనికే, బందరు బస్సెక్కితే చాలదూ అని జగ్గయ్యపేట మేనత్త దెప్పింది. అక్కడి తల్లిరొయ్య చలికాలమంతా గుడ్లను పొట్టకింద మోసి, వసంతంలో కంటికి ఆనని నాచు నీళ్లలో పెరిగే వేళకు పిల్లల్ని వదులుతుంది. ముందైతే వాటికి తిండి ఉండదు, ఆలస్యమైతే మిగలదు. అందుకే ఆ ఏడు మొదటి పిల్ల ఏ రోజు కనిపించిందన్నదే నా పనికి ఆయువుపట్టు.

పగలు అవి లోతుకు దిగిపోతాయి కనుక తెల్లవారకముందే పడవలో వెళ్లి వల లాగేవాళ్లం. దొరికిన పిల్లల్ని సీసాల్లో పోసి, వాటి మీద తేదీ వేసేది నేను. ఇంకా పొద్దు పొడవలేదు కనుక, మా ఇంట్లో పుట్టినరోజులకూ తద్దినాలకూ చూసినట్టే, ముందురోజు తేదీ వేశాను. పడవ వాళ్లు మాత్రం తమ పుస్తకంలో మర్నాటి తేదీ రాసుకున్నారు. సీజను చివర రెండూ పోల్చి చూసిన మా ప్రొఫెసరు, తేదీ నమ్మలేని సీసాలు పారబోసి వచ్చే ఏడు మళ్లీ మొదలుపెట్టమన్నాడు. నా స్కాలర్‌షిప్పుకు వచ్చే ఏడు లేదు.

సీసాల గది తాళంచెవి నా దగ్గరుంది. ఇవ్వనన్నాను. ఒక్కో సీసాకు ఒక్కో తేడా ఉంటే తప్పంటాను గాని, అన్నిటికీ ఒకటే తేడా అయితే నా రోజు మీ రోజు కంటే ఆలస్యంగా మొదలవుతుందంతే, కావాలంటే మీకు తోచినవి తీసి చూసుకోండి అన్నాను. ఆయన నమ్మకుండానే తీశాడు, తీసిన ప్రతిదానికీ తేడా ఒక్క రోజే.

"ఇక్కడ చలికాలంలో వారాల తరబడి సూర్యుడే రాడు, అప్పుడేం రాస్తావు?" అన్నాడు.

"అప్పుడు పిల్లలు పుట్టవు కదండీ, నాకా బాధ లేదు" అన్నాను.

సీసాలు ఉండిపోయాయి. నా తేదీ చెరపకుండా దాని కిందే ఆయన తేదీ రాశాను.

ఇప్పుడు సముద్రాలు వేడెక్కి, అక్కడి వసంతం కూడా వేళ తప్పుతోందని చదువుతున్నాను. మన మునేరూ నేనెరిగిన నెలల్లో పారడం లేదు. ఆ పిల్లలు ఏటా ఆ రోజులకే వస్తాయని ఆ వయసులో అనుకున్నాను, రావు. కాని ఆ తేదీలు ఎంత పక్కకు జరిగాయో ఎవరు చెప్పదలచినా, నేను పారబోయనివ్వని ఆ సీసాల దగ్గరనుంచే లెక్క మొదలుపెట్టాలి.