అత్త వేసిన ముడి

నిన్న ఒక రిసార్టులో నడుములోతు నీళ్లలోకి దించడానికి నాకు నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడిగి, బకిళ్లన్నీ బిగించారు. మెడలో ఈల వేసుకున్న కోచ్ "భయాన్ని జయించారు మేడమ్! మనసు తేలికైంది కదా?" అంటూ అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మోకాళ్లు తడవకముందే జయమట!

దేవరుప్పుల నేస్తాల్లారా, మన వ్యవసాయ బావి గుర్తుందా? ఆ నాచు వాసన, ఎవరైనా దూకగానే గోడల సందుల్లోంచి గుప్పున లేచే పావురాలు? ఒకసారి అందులో జారిపడ్డాక నేను ఆ పక్కకే పోయేదాన్ని కాదు. కలలోనూ బావే. చివరికి మా మేనత్త ఎండిన సొరకాయ బుర్రలను నా వీపుకు తాడుతో కట్టి, "ఎన్నొద్దులు గిట్ల వణుకుతవే? దుంకు!" అన్నది.

కళ్లు మూసుకుని దూకాను. కాళ్లూ చేతులూ ఆడించి ఎదుటి మెట్టు పట్టుకుని, "అత్తా, బుర్రలు మంచిగ తేలుతున్నయ్!" అని అరిచాను.

"ఏడున్నయే బుర్రలు? ఎనుకకు సూడు" అన్నది అత్త.

అవి బావి నడుమ, తాడుతో సహా, తేలుతున్నాయి.

రోజూ ఎడ్లను కట్టేసే అత్త ముడి ఊడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నిన్నటి కోచ్ మాత్రం నేను గట్టెక్కేదాకా నా బకిళ్లు బిగిస్తూనే ఉన్నాడు.