మడతల అట్ట

2016లో, దసరా సీజన్‌కు ముందు, సికింద్రాబాద్‌లోని ఒక పెద్ద బట్టల దుకాణంలో నన్ను రెండో అంతస్తుకు ఫ్లోర్ మేనేజర్‌గా మార్చారు. అది మగవాళ్ల రెడీమేడ్ విభాగం. కొనేవాడు పది చొక్కాలు విప్పించి ఒకటి తీసుకుంటాడు. మిగతావన్నీ మళ్లీ ఒకే వెడల్పులో మడతపడి ర్యాకు ఎక్కాలి. అంచు ఒక్కటి బయటికి వచ్చినా యజమాని కంటికి అదే కనిపించేది. అందుకే మడతలకు వేరే మనుషులుండేవారు.

వాళ్లలో పాత మనిషి సులోచనమ్మ. మెట్టుగూడ నుంచి వచ్చేది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆ ఏడు కీళ్లవాతంతో ఆమె వేళ్లు వాచిపోయాయి, మడతలు వంకర పోసాగాయి. యజమాని తనిఖీ దగ్గర పడుతోంది. "చేతులు నా మాట ఇంటలేవు సార్. గీ పని సుత పోతే మేమేం తినాలె?" అంది ఒకరోజు.

నాకు తోచింది చేశాను. మోండా మార్కెట్‌లో గట్టి అట్టపెట్టె ఒకటి సంపాదించి నాలుగు ముక్కలు కోశాను. నడుమ చొక్కా మడత వెడల్పున ఒకటి, దాని కింద అదే వెడల్పున ఇంకొకటి, పై ముక్కకు అటూ ఇటూ రెండు రెక్కలు. ముక్కల మధ్య కొంచెం సందు వదిలి టేపు అంటించాలి. ఆ సంగతి తెలియక మొదటి అట్ట పాడుచేశాను, అది వంగనే లేదు. చొక్కాను బోర్లా పరిచి కుడి రెక్క, ఎడమ రెక్క, చివరికి కింది ముక్క ఎత్తి వాలిస్తే మడత తయారు. వేళ్లతో పనే లేదు, అరచేయి చాలు. సులోచనమ్మ ర్యాకు మళ్లీ గీత గీసినట్టు నిలబడింది. నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

తనిఖీనాడు యజమాని అట్టను చూసి, "ఏందీ గిది? మస్తుగుంది," అన్నారు. కొత్తగా చేరిన సేల్స్‌మన్‌ను పిలిచి మడవమన్నారు. అతను మొదటిసారే తప్పు లేకుండా మడిచాడు. నేను సంతోషంతో నవ్వాను. సులోచనమ్మ నవ్వలేదు. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

"అయితే ఇగ మడతలకు వేరే మనుషులెందుకు?" అన్నారు యజమాని. ప్రతి కౌంటరుకూ ఇలాంటివే ప్లాస్టిక్ పలకలు తెప్పించమన్నారు. ఆమెను ట్రయల్ రూముల దగ్గర కూర్చోబెడదామని అడిగాను, బతిమాలాను. ఆయన వినలేదు.

పనిలోంచి తీసేశామన్న మాట చెప్పవలసింది మా దుకాణంలో ఫ్లోర్ మేనేజరే. చెప్పాను. "మీరు నా కోసమే చేసిండ్రు సార్, నాకెర్కే. కానీ గీ చేతులు జూసి నాకింక ఎవలు పనిస్తరు?" అని అడిగింది.

నేను రిటైరయ్యేదాకా ఆ అంతస్తులో మడతలు తిన్నగానే ఉన్నాయి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే: పనిముట్టును ఎవరి కోసం చేసినా, అది ఎవరికి పనికొస్తుందో తేల్చేది దుకాణం యజమాని.