గొడుగు కమ్ముల రైలుదారి

మా పక్కింటాయన మా ఊరికి స్టేషన్ ఇవ్వలేదు. అది అన్యాయం. ఇన్నేళ్ల తరువాత కూడా అన్యాయమే అంటాను.

ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పని చేసి రిటైరయ్యాడు. నిజాం కాలంలో, నేను పనికోసం వచ్చి ఉంటున్న నాందేడులో, తన వసారా నిండా బొమ్మ రైలుదారి వేసుకున్నాడు. గొడుగు కమ్ములే పట్టాలు. అలారం గడియారం కీతో నడిచే రేకు ఇంజను. ముద్ఖేడ్ నుంచి కిన్వట్ దాకా అన్ని స్టేషన్లూ ఉన్నాయి, ఇస్లాపూర్ దగ్గరి మా ఊరిది తప్ప!

పచ్చగుడ్డ ఊపనిదే బండిని కదలనిచ్చేవాడు కాదు. భార్య ఊడవడానికి వచ్చినా, "ఆగు, లైన్ క్లియర్ రాలే!" అనేవాడు.

"నీ బండి పోయేదాంక ఇల్లు గిట్లనే ఉండాల్నా?" అని ఆమె చీపురు పట్టుకుని నవ్వేది.

నేను రోజూ పొద్దున పనికి పోతూ ఆయనతో పోట్లాడేవాణ్ణి. చివరికి సబ్బుపెట్టెతో స్టేషన్ నేనే చేసి, ఊరి పేరు రాసి తీసుకెళ్లాను. ఆయన తిప్పితిప్పి చూశాడు, మెచ్చుకున్నాడు, గూట్లో పెట్టేశాడు.

"మా ఊరు నీకేం జేసిందే అన్నా?" అని అరిచాను.

ఆయన ఎర్రగుడ్డ చూపించి బండి ఆపాడు.

"స్టేషన్ పెడ్తే నీ లొల్లి ఖతమైతది గద తమ్మీ. రేపటి సంది మా ఇంటికి ఎందుకస్తవ్?"